మహాశల్కము: ఒక చేపను పెంచిన చరిత్రము

మన సంఘ మహాసభ సంచికకు ఏటేట నొక చరిత్ర వ్యాసము వ్రాయుట మాకు వాడుకయైనది. ఈ యేడు కార్యదర్శులవారు మా యింటికి వచ్చి, "పంతులుగారూ, రాజుల చరిత్రలు చాల వ్రాసితిరి, ఈసారి చేపల చరిత్ర వ్రాయుడు" అని నవ్వుచు కోరిరి. వారి కోరికకు కారణము లేకపోలేదు. నదులలో నానాటికి తరిగిపోయిన పెద్దపొలుసు చేపను, ఉత్తరాదివారు మహసీరు అనుదానిని, పెంపకశాలలనుండి పిల్లలుగా తెప్పించి మన నదులలో విడువవలెనని ఈ మహాసభలో నొక తీర్మానము రానున్నదట. ప్రతిపాదించువారు ఉత్సాహవంతులగు మన కుర్రవారు. ధనసాహాయ్యము చేయుదుమని పోషకులును మాట యిచ్చినారట. మేము వారి యుత్సాహమునకు అడ్డు వచ్చువారము కాము. కాని, చేయి యెత్తుటకు ముందు ఆ చేప యెట్టిదో, దానిని మనుష్యులు చేపట్టి పెంచిన విధమెట్టిదో, అందువలన వచ్చిన మేలేమో కీడేమో కులబాంధవులు తెలిసికొనుట యుక్తమని తోచి వ్రాయుచున్నాము.

చేపపిల్లను కుండలో పెంచిన మొదటివాడెవడని యడిగినచో మా వంటివారు తడుముకొనకుండ మనువు పేరు చెప్పుదురు. శతపథ బ్రాహ్మణములో ఆ కథ యున్నది. ప్రొద్దున చేతులు కడుగుకొనుటకు తెచ్చిన నీళ్లలో నొక చిన్న చేప మనువు చేతికి వచ్చి, తన్ను పెంచుమనియు, రాబోవు ప్రళయమునుండి తాను ఆయనను దాటింతుననియు పలికెను. చిన్నవారమై యున్నంతవరకు మాకు భయమెక్కువ, చేపను చేపయే మ్రింగును, గనుక మొదట కుండలో నుంచుము, కుండ చాలనప్పుడు గోయి త్రవ్వి యందుంచుము, అదియు చాలనప్పుడు సముద్రమున విడువుము అని అది చెప్పినదట. భారతము అరణ్యపర్వములో కుండ తరువాత బావి, బావి తరువాత గంగ, గంగ తరువాత సముద్రము వచ్చును. భాగవతములో మనువు స్థానమున ద్రవిడదేశపు సత్యవ్రతరాజు కలడు. అష్టమస్కంధమున పోతనగారి తెనుగులో ఆ కథ చదువనివారు మన పెద్దలలో అరుదు.

ఈ కథను మేము ముప్పదియేండ్లకు పైగా బడిలో అవతారకథగానే చెప్పితిమి. ఉద్యోగము విరమించిన పిమ్మట ఒకానొక చేపపిల్లల పెంపకశాలను చూచుటకు పోయినపుడు గాని మాకు దానియందలి రెండవ తెలివి తట్టలేదు. అచ్చట మొదట పళ్లెములు, పిదప తొట్లు, పిదప చిన్న మడుగులు, పిదప చెరువు. పిల్ల పెరిగినకొలది పాత్ర మారవలెను. పెద్దచేప నోటికి అందనంతవరకు దానిని వేరుగ నుంచవలెను. మనువు చేసినదియు నిదియే కదా. అయితే కథలో నొక ముఖ్యాంశము కలదు. తన్ను తుదకెచ్చట విడువవలయునో ఆ చేపయే చెప్పినది. మన కాలపు చేపలు చెప్పవు. మనమే తెలిసికొని విడువవలెను. ఈ సంగతి మరల వచ్చును.

చేపలను కాపాడుట యన్నది మన దేశమునకు క్రొత్త కాదు. అశోకుడు పట్టాభిషిక్తుడై 26 సంవత్సరములు గడచిన పిమ్మట చెక్కించిన అయిదవ స్తంభశాసనమున కొన్ని జాతుల చేపలను చంపరాదని యున్నది. అంతియే గాక చాతుర్మాస్యపు పున్నములయందును, తిష్య పున్నమయందును, ఉపవాసదినములయందును చేపలను చంపుటయు నమ్ముటయు నిషేధింపబడినవి. ఆ శాసనములోనే కైవర్తభోగమను మాట కలదు. కైవర్తులనగా చేపలు పట్టువారు. వారు అనుభవించు నీటిపట్టులకు ఆ పేరు. ఆ దినములయందు అచ్చటి తక్కిన ప్రాణులనుగూడ చంపరాదని రాజాజ్ఞ. రెండువేల రెండువందల యేండ్లకు పూర్వమే నీళ్లయందు మన వృత్తివారి భోగమును రాజు శిలపై చెక్కించెనని మన పిల్లలకు చెప్పుకొనదగిన మాట యిది. తరువాత కళ్యాణపురము నేలిన పశ్చిమ చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో మానసోల్లాసమను గ్రంథమున మత్స్యవినోదమని యొక భాగము వ్రాసి, చేపలను నదిలోనివి సముద్రములోనివి యనియు, పొలుసుగలవి పొలుసులేనివి యనియు విడదీసి, ఏ చేపకు ఏ యెర వేయవలెనో వివరించెను. సుందరలాల్ హోరా యను మత్స్యశాస్త్రజ్ఞుడు 1951లో దీనినిగూర్చి వ్రాయువరకు పండితులు ఆ పుటలను దాటిపోవుచుండిరి. పండితులకు చేపలన్న చులకన; మాకును ఒకప్పుడు నుండెడిది.

శృంగేరిలో తుంగానది మెట్లకడ నిలిచి బొరుగులు చల్లినవారికి ఈ జాతి చేపలు గుంపులుగా పైకి వచ్చుట తెలియును. అచ్చట వల వేయువాడు లేడు, గాలము వేయువాడు లేడు. మేము పోయిననాడు మా మనుమడు చేయి నీటికి తాకించినంతనే మూరెడు చేప వచ్చి వాని వ్రేళ్లు మూతితో తడవి పోయినది. తుంగయే భద్రతో గూడి తుంగభద్రయై మన కృష్ణలో కలియుచున్నది గనుక ఆ చేపలు మనకు పరాయివి కావు.

ఇక ఆ చేప పేరు. మహసీరు అను మాట మహాశిరస్సునుండి వచ్చినదని కొందరు, పారసీకమున మాహీ అనగా చేప, షేర్ అనగా సింహము, ఆ రెండును గలిసినవని కొందరు అందురు. మనుస్మృతిలో శ్రాద్ధయోగ్యములగు పదార్థములలో మహాశల్కము చెప్పబడినది, దానినుండియే వచ్చినదని మరికొందరు. శల్కమనగా పొలుసు. మాకు ఈ కడపటి మాట యింపుగా నుండుటకు వేరు కారణమున్నది. అది తుదను చెప్పెదము. శాస్త్రజ్ఞులలో హామిల్టన్ దొర 1822లో గంగానది చేపల గ్రంథమున ఈ వంశపు చేపలకు శాస్త్రనామములు పెట్టెను. మన దక్కను మహసీరును లోకమునకు తెలిపినవాడు సైక్స్ అను సైనికోద్యోగి. ఆయన పుణ్యపట్టణమునకు తూర్పున మూలా ముఠా నదిలో దొరికిన చేపను వర్ణించి, 1839లో దానిని ఖుద్రీ యను మరాఠీ పేరుతోనే శాస్త్రములో చేర్చెను. ఆ పేరు ఆయనకు చెప్పినవారు వల వేయువారు తప్ప మరెవరై యుందురు? ఆ మూలా ముఠా భీమలో కలియును, భీమ కృష్ణలో కలియును. అనగా ఈ చేప మన కృష్ణమ్మ పుట్టినింటి చేప.

పెద్ద పొలుసులు, బలమైన తోక, రాళ్లనడుమ పరుగెత్తు చల్లని నీటిపై ప్రీతి, వరద వచ్చినంతనే యెదురీది పైకి పోయి గులకరాళ్లపై గ్రుడ్లు పెట్టు నలవాటు, ఇవి దీని లక్షణములు. ఈ కడపటి యలవాటే దానికి మృత్యువైనది. నదికి అడ్డముగ కట్ట వేసినయెడల ఎదురీత ఆగిపోవును. ఇది నేడు కనిపెట్టిన సంగతి కాదు. గోదావరి మండలమువారు దేవునివలె కొలుచు కాటన్ దొరయే, ఆనకట్టలవలన చేపలకు హాని కలుగవచ్చునని 1867లో ప్రభుత్వమును హెచ్చరించెను. పైరుకు నీరు తెచ్చినవాడే చేప మాట తలచుట ఆయన గొప్పతనము. పిమ్మట ఫ్రాన్సిస్ డే అను వైద్యుడు దేశమంతయు తిరిగి విచారించి 1873లో నివేదిక ప్రకటించెను; పైకెక్కు చేపలకు ఆనకట్టలలో దారులు లేకపోవుటయు, సందు లేని సన్నకన్ను వలలతో పిల్లలను తుడిచిపెట్టుటయు ఆయన చూచి వ్రాసెను. 1897లో వచ్చిన చేపల చట్టము నీటిలో విషము కలుపుటను, మందుతూటాలు ప్రేల్చుటను నేరముగ జేసినది. చట్టము పుస్తకములో నున్నది; తూటా మ్రోత మడుగులో వినబడుచునే యున్నది. పట్నమునుండి వచ్చి తూటా వేసి పోవువానికి మరునాడు ఆ మడుగుతో పనిలేదు. వల వేసి బ్రతుకువానికి మరునాడుగూడ ఆ మడుగే దిక్కు.

ఇట్లు తరిగిపోవుచున్న చేపను చేతిలో పుట్టించుట యెట్లు? పూర్వము చెరువులలో వేయు బొచ్చె, శీలావతి పిల్లలనుగూడ వరదకాలమున నదులలో పట్టి తెచ్చుటయే గాని వేరు మార్గము లేదు. నిలువనీట అవి గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్ అను చోట హీరాలాల్ చౌధురిగారు తమ సహచరులతో గూడి వేరొక చేప తలలోని పీయూషగ్రంథి సారమును తల్లిచేపకు సూదితో నెక్కించి చెరువు జాతి చేపలచేత గ్రుడ్లు పెట్టించిరి. పీయూషమనగా అమృతమని అమరము. ఆ గ్రంథికి మనవారీ పేరు పెట్టినది ఏ ముహూర్తముననో గాని చక్కగా కుదిరినది. ఆ దినమే నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపబడుచున్నది. కొల్లేటి పరిసరములలో పైరుపొలములు చేపల చెరువులై, లారీలకొలది చేప కలకత్తాకు పోవుటకు మూలము ఈ విద్యయే.

మహసీరు విషయమున పని యింకను కష్టమైనది. పుణ్యపట్టణమునకు పడమట లోనావళా కడ, ఇంద్రాయణి పుట్టు కొండలలో, టాటావారు విద్యుచ్ఛక్తికై 20వ శతాబ్ది మొదటి పాదమున కట్టించిన సరస్సులు కలవు. వానిలో ఈ దక్కను మహసీరులుండెను. 1970వ దశకమున మత్స్యశాఖయందు పనిచేసి విరమించిన సి. వి. కులకర్ణిగారును, పిమ్మట ఆయనతో గూడిన ఓగలేగారును అచ్చటి వలవణ్ సరస్సుకడ టాటావారి ప్రాపున పెంపకశాల నడపిరి. ఉద్యోగము విరమించిన పిమ్మట మనుష్యుడు చేయగల పని యెంతటిదో చూపిన కులకర్ణిగారిని తలచినపుడు, మేము చేసినది సంచికలకు వ్యాసములు వ్రాయుట మాత్రమే గదా యని సిగ్గుగలుగును.

వారి పని తీరు వినదగినది. వానకాలమున సరస్సులో పక్వమైన తల్లిచేపను వలతో పట్టి, పొట్ట మెల్లగ నిమిరి గ్రుడ్లు పళ్లెములోనికి రాబట్టి, మగచేప శుక్లమును వానిపై పిండి, ఈకతో కలిపి, అటుపిమ్మట నీరు పోయుదురు. బొచ్చె, శీలావతులు లక్షలకొలది గ్రుడ్లు పెట్టును. మహసీరు కిలో బరువునకు కొన్ని వేలు మాత్రమే పెట్టును, అదియు ఒక్కసారిగ గాక విడతలుగ పెట్టును. ఆ గ్రుడ్లు పసుపువన్నె గలవి, బరువైనవి. అడుగున పడి యుండును. ఒకదానిపై నొకటి పడకుండ పళ్లెములలో పలుచగ పరచి పారునీరు పోనీయవలెను. పాడైన గ్రుడ్డును ఏరి పారవేయకున్న బూజు పట్టి పక్కదానిని చెరచును. మూడు నాలుగు దినములకు పిల్ల వెలువడును. వెలువడిన పిల్ల ఈదదు. పొట్టక్రింది సొనను తినుచు, వెలుతురున కోర్వక మూలలలో తలలు దూర్చి కొన్నాళ్లు గుంపుగ పడి యుండును. చూచినవారు చచ్చినవనుకొందురట. మొదటి వేసవి గడచువరకు దానికి తల్లివలె కాపు కాయవలెను. తరువాతి కాలమున చెరువులో పెంచిన తల్లిచేపలకే పీయూషసారము నెక్కించి గ్రుడ్లు పెట్టించుటయు సాధించిరి. ఫలించిన గ్రుడ్లను నీరు లేకుండ తడిదూదిలో చుట్టి విమానముమీద దూరదేశములకు పంపవచ్చునని 1979లో ప్రకటించిరి. మనువు కుండనుండి మనవారు తడిదూదికి వచ్చిరి! హిమాలయపు బంగారు మహసీరునుగూడ అచ్చటికి తెచ్చి పెంచి, దానికిని దక్కను చేపకును సంకరము చేసి చూచిరి. ఆ బంగారు మహసీరుకు హిమవత్పాదమున భీమతాల్ కడ కేంద్రప్రభుత్వపు పరిశోధనశాలలో వేరుగ పెంపకము జరుగుచున్నది.

లోనావళా పిల్లలు లక్షలుగ పుట్టినవి. అనేక రాష్ట్రములకు పోయినవి. ఇంతవరకు కథ మంగళప్రదము. ఇక కావేరి సంగతి.

కావేరిలో పూర్వమునుండి వేరొక మహసీరు కలదు. దాని వీపు మూపురమువలె ఎత్తుగ నుండును, రెక్కలు నారింజవన్నెవి. అది ఈ వంశములో మహాకాయము గలది. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ దొర కపినీనదిలో గాలముతో పట్టినది 120 పౌనులు తూగెను. గాలమువేటగాండ్రు దానిని నూరేండ్లకు పైగా నెరుగుదురు. బొమ్మలు తీయించుకొనిరి, గోడలకు తలలు తగిలించుకొనిరి. అంతటి చేపకు శాస్త్రమున సరియైన పేరు లేదు! ఎవరును అడుగలేదు. ఇట్లుండగా 1970వ దశకపు మలిసగమునుండి, తరిగిపోవుచున్న కావేరి మహసీరును వృద్ధిచేయుదమను సదుద్దేశముతో, లోనావళా సంతతియగు నీలిరెక్కల దక్కను మహసీరు పిల్లలను కావేరిలో విడిచిరి. రెండును మహసీరులే గదా యని యనుకొనిరి. ఆనాటి తెలివి అంతవరకే గనుక వారిని నిందింప మనకధికారము లేదు.

విడిచిన చేప బాగుగ వృద్ధిపొందినది. వేటగాండ్ర గాలములకు లెక్కలేనన్ని పడుచుండగా అందరును మహసీరు మరల వచ్చినదని సంతోషించిరి. ఒక వేట శిబిరమువారు 1998 మొదలు 2012 వరకు పడిన ప్రతి చేపను వ్రాసియుంచిన లెక్కలను ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్ మొదలగు శాస్త్రజ్ఞులు పరిశీలించి 2015లో ప్రకటించినప్పుడు గాని లోగుట్టు బయటపడలేదు. చేపల సంఖ్య పెరిగినది నిజమే, కాని పెరిగినవి నీలిరెక్కలవి. మూపురపు చేపలు అప్పుడప్పుడు పడుచుండెను గాని అవి ముసలివి. వాని పిల్లలు కనబడుట మానినవి. ఇసుక తవ్వకము, ఆనకట్టలు, తూటాలు ఎటులను కలవు. వానికి తోడు పరాయిచేప తిండికిని చోటునకును పోటీ వచ్చుటయో, సంకరము జరుగుటయో ప్రధానకారణమై యుండునని వారు తలచిరి. 2018లో ఆ మూపురపు చేప, కేరళలోని పాంబారునదిలో దొరికి అంతకు కొన్నియేండ్ల క్రిందట రమాదేవి యను మత్స్యశాస్త్రజ్ఞురాలి పేర నామకరణము పొందిన జాతియేనని తేల్చిరి. పేరు దొరికిన యేడే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య దానిని అత్యంత ప్రమాదస్థితిలో నున్న జాతులలో చేర్చినది. అదే సమయమున, అంతకుముందు ప్రమాదస్థితిలో నున్నదని వ్రాసిన దక్కను మహసీరును ఆ పట్టికనుండి తప్పించి, భయము లేని జాతులలో వ్రాసినది.

మేము ఈ సంగతి చదివిననాడు చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిమి. చేపను చేపయే మ్రింగునని మనువు చేతిలోని పిల్ల చెప్పిన మాటకు ఇట్టి యర్థమును గలదా యని తోచినది. కావేరిలో మ్రింగినది మన దయ పుట్టించిన చేప.

కాబట్టి తీర్మానము తెచ్చు యువకులకు మేము చెప్పునది యిది. తెలంగాణములో 2016 మొదలు ప్రభుత్వమువారు చెరువులలో చేపపిల్లలను ఉచితముగ విడుచు పథకము పెట్టిరి. దానితో దీనిని పోల్చవలదు. చెరువులో వేసినది యేడాదికి పట్టి అమ్ముకొందుము. పొరపాటు జరిగిన చెరువు ఎండినపుడు దిద్దుకొనవచ్చును. నది ఎండదు, ఎండకుండుగాక. అందు విడిచినదానిని మరల ఏరి తీయుట యెవరి తరము? కృష్ణకును భీమకును తుంగభద్రకును లోనావళా చేప బంధువే, సందేహము లేదు. అయినను ఆ పిల్లల తల్లిదండ్రులు ఏ నీటివి, హిమాలయపు చేపతో చేసిన సంకరము వానిలో నున్నదా యని వ్రాతమూలముగ అడిగి తెలిసికొననిదే ఒక్క పిల్లనైనను తేవలదు. గోదావరి మాట వేరు. పాపికొండలకు పైన, శబరి, ఇంద్రావతి మొదలగు ఉపనదుల మడుగులలో ఇప్పటికిని మిగిలియున్న మహసీరు ఏ జాతిదో ముందు పరీక్షింపజేయవలెను. ఆ నీటి తల్లిచేపలనే పట్టి, ఆ యొడ్డుననే పెంచి, ఆ నీటనే విడుచుట ఉత్తమము. ఖర్చెక్కువ. పోషకులు ఇచ్చెదమన్న ధనము మొదట ఆ పరీక్షకే వ్యయమగుగాక. తూటాలు వేయువారిని పట్టించుటకు మడుగుకొక కాపరిని పెట్టుటయు దానిలోనే చేర్చిన బాగు. కాపు లేని మడుగులో పిల్లను విడుచుట ఎండలో మొలక నాటుటయే.

పరీక్షకు శాస్త్రజ్ఞులు వచ్చునప్పుడు వారికి దారి చూపువారు మన ముసలివారే. ఏ మడుగులో ఏ చేప, దాని రెక్క యేవన్నె, ఏ కార్తెలో గ్రుడ్లతో నుండెడిది, ఏ పేరుతో పిలిచెడివారము, ఇవి వారి నోటనే యున్నవి. సైక్స్ దొరకు పేరు చెప్పినవారివంటివారు మనలో ఇంకను కొందరు కలరు, ఎనుబదియేండ్లు దాటినవారు. మహాసభ జరుగు మూడు దినములును మధ్యాహ్నభోజనానంతరము మేము పందిరి తూర్పు మూల ఒక పుస్తకముతో కూర్చుందుము. పెద్దలు దయచేసి వచ్చి చెప్పినయెడల చెప్పినది చెప్పినట్లు వ్రాసికొందుము.

మా తాతగారి గ్రామము తుంగభద్ర కృష్ణలో కలియు చోటికి దాపున నుండెను. శ్రీశైలము జలాశయమున మునిగిపోయినది. ఇల్లు విడిచి వచ్చునప్పుడు మా తండ్రిగారు తెచ్చిన పుస్తకములలో అమరకోశమొకటి కలదు. దాని వారివర్గమున, మత్స్యనామములున్న పుటలో, గుర్తుగా పెట్టిన పొలుసు ఒకటి యున్నది. ఎండి పసుపువారినది, చిన్నపిల్లవాని అరచేయంత. తాతగారు తమ చేత పట్టిన చేపదని మా తండ్రిగారు చెప్పెడివారు. ఏ మడుగులోనో, దాని రెక్క నీలియో నారింజయో మేమడుగలేదు. ఆ పుస్తకమును, పొలుసునుగూడ మహాసభకు తెచ్చుచున్నాము. చూచి గుర్తుపట్టగలవారు కలరేమో.